వేటకత్తి మీది రెండక్షరాలు

మా ఇంట ఒక మడత వేటకత్తి ఉన్నది. బెత్తెడుకు మించిన అలుగు, కణుజు కొమ్ముతో చేసిన పిడి. తాతగారు దానిని చూపినప్పుడల్లా ఒకే కథ చెప్పేవారు. విక్టోరియా రాణి ఏలుబడిలో ఏజెన్సీ అడవులకు వేటకు వచ్చిన దొరకు ముత్తాతగారు దారి చూపారట. దొర మెచ్చి ఈ కత్తి బహూకరించాడట. ఆ కథను శంకించాలన్న ఊహ మాకెన్నడూ కలుగలేదు.

ఇటీవల ఇల్లు సర్దుతూ కిరసనాయిలు గుడ్డతో తుప్పు తుడిచాను. అలుగు పిడిలో చేరే చోట ముద్ర బయటపడింది. నడుమ కిరీటం, దానికి అటు 'జి', ఇటు 'ఆర్'. క్రింద జోసెఫ్ రాడ్జర్స్ అండ్ సన్స్, షెఫీల్డ్, ఇంగ్లండ్. ప్రక్కన ఒక నక్షత్రం, ఒక మాల్టా శిలువ.

చేసినవారెవరో తేల్చడానికి ఆ నక్షత్రమూ శిలువే ఆధారం. షెఫీల్డులో 1624లో ఏర్పడిన కత్తిపనివారి సంఘం ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు కేటాయించేది. ఈ జంట గుర్తు 1764లో రాడ్జర్స్ వారికి దక్కింది. పేరును పోలిన పేర్లతో నకళ్ళు విరివిగా వచ్చినందున, పేరుకన్న గుర్తే ప్రమాణం.

ఇక కాలం. కిరీటానికి ఇరువైపులా ఉండేవి ఏలే ప్రభువు పొడి అక్షరాలు. విక్టోరియా కాలపు కత్తి అయితే 'వి, ఆర్' ఉండాలి. 'జి' అంటే జార్జి. 1820-30 నడుమ ఏలిన నాలుగో జార్జి కావచ్చునా? కాడు, 'ఇంగ్లండ్' అన్న మాట అడ్డు వస్తుంది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో సుంకాల చట్టం చేసిన తరువాతే ఆ మాట షెఫీల్డు కత్తుల మీద మామూలైంది. కనుక ఇది అయిదో జార్జి గద్దెనెక్కిన 1910కి ముందుది కాదు.

ముత్తాతగారు 1906లోనే కాలం చేశారు.

కథ అక్కడ తెగింది. అయితే మరొక ప్రశ్న మిగిలింది. రాడ్జర్స్ అన్నది సంస్థ పేరు. కత్తి చేసిన చేయి ఎవరిది? షెఫీల్డులో ఇనుము సాగగొట్టేవాడొకడు, సానపట్టేవాడొకడు, పిడి బిగించేవాడొకడు. పొడి రాతి మీద సానపట్టేవారు సగటున ముప్పయి అయిదేళ్ళయినా బ్రతకడం కష్టమనీ, తడి రాతి మీద పట్టేవారు నలభై అయిదు దాటడం అరుదనీ 1845లో ఎంగెల్స్ వ్రాశాడు. రాతిధూళి ఊపిరితిత్తులను తినివేసేది. అది మా కత్తికి ముందుతరాల మాటే కావచ్చు. కానీ అలుగు మీద ప్రభువు అక్షరాలకు చోటున్నది, సానపట్టినవాడి పేరుకు మాత్రం ఏనాడూ లేదు. పిడికి వాడే కణుజు కొమ్ములు మన దేశపు అడవుల నుండే షెఫీల్డుకు ఎగుమతి అయ్యేవి. వాటిని ఏరి తెచ్చిన అడవి మనిషి పేరూ అంతే.

ఇదంతా అమ్మకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించి, చివరకు చెప్పాను. ఆమె కత్తిని కాసేపు అటూ ఇటూ త్రిప్పి చూసి, "అయితే నాన్నే కొనుక్కుని, గొప్పంతా వాళ్ళ నాన్నకు కట్టబెట్టాడన్నమాట!" అని నవ్వింది.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి కత్తులుంటే తుప్పు తుడిచి చూడండి. కథ మాత్రం పారవేయకండి.