అరవై నాలుగు రంగులకు ముందు

ఎర్ర లైటు కింద మ్యాపు విప్పితే, ఎర్ర సిరాతో గీసిన రోడ్డు మాయమైపోతుంది. ఆ వెలుగులో తెల్ల కాగితం కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి గీత అందులో కలిసిపోతుంది. అందుకే అమెరికా సైన్యం తన మ్యాపుల్లో ఎరుపు మానేసి, ఎరుపూ గోధుమా కలిపిన రంగును తెచ్చింది. ఎక్కడో ఈ చిన్న సంగతి చదివి నాకు భలే సంబరమేసింది. ఇంతకీ సైనికుడు ఎర్ర లైటు కిందే మ్యాపు ఎందుకు చూడాలి? ఆ ప్రశ్న తోక పట్టుకుని పోతే, ఇవాళ మన కార్ల లోపల సోకుకు వెలిగే, వేళ్లతో జరిపి రంగు ఎంచుకునే యాంబియెంట్ లైట్ల దగ్గర తేలాను.

దీనికి మూలం కంట్లో ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో యాన్ పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పూలమొక్కల దగ్గర ఒక వింత గమనించాడు. ఎండలో ధగధగలాడే ఎర్ర పువ్వు మసక వెలుతురులో నల్లబడిపోతోంది, దాని పక్కనున్న ఆకు మాత్రం తేటగా కనిపిస్తోంది. 1825లో దీని గురించి రాశాడు. కారణం తర్వాతివాళ్లు చెప్పారు. రెటీనాలో పగటి పనికి, రంగుల పనికి కోన్ కణాలు. చీకటి పనికి రాడ్ కణాలు. రాడ్‌లు బాగా పట్టుకునేది 500 నానోమీటర్ల దగ్గరి నీలాకుపచ్చ వెలుగును. 640 దాటిన ఎరుపు వాటికి ఇంచుమించు చీకటే. అవి చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట కావాలి. ఆ అలవాటు చెడిపోవడానికి ఎదురొచ్చే లారీ హెడ్‌లైటు ఒక్క క్షణం చాలు.

పాత ఫొటో స్టూడియోల డార్క్‌రూముల్లో వేలాడిన ఎర్ర బల్బు దీనికి దగ్గరి చుట్టమే. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు వేసే కాగితం ఎరుపును గుర్తించదు. ఫొటోగ్రాఫరు ఆ వెలుగులో ట్రేలూ చిమటాలూ చూసుకుంటూ పని చేసుకుంటాడు, కాగితం మాత్రం చీకట్లో ఉన్నట్టే ఉంటుంది.

ఎరుపుకున్న ఈ లక్షణాన్ని మనిషి కంటికి వాడుకోవచ్చని తట్టింది ఎక్స్‌రే గదుల కోసం. ఆ రోజుల్లో ఫ్లోరోస్కోపీ అంటే రోగికి ఒకవైపు ఎక్స్‌రే గొట్టం, రెండోవైపు సన్నగా మెరిసే తెర. ఆ తెర మీద కదిలే నీడల్లోనే డాక్టరు గుండెనీ ఊపిరితిత్తుల్నీ పోల్చుకోవాలి. బయటి ఎండలోంచి నేరుగా గదిలోకి వచ్చినవాళ్లకు అక్కడ ఏమీ కనబడదు. అందుకని డాక్టర్లు పనీపాటా ఆపుకుని ముందే చీకట్లో కూర్చునేవారు. బయట రోగుల వరస, లోపల కళ్లు తేరుకోవడం కోసం ఎదురుచూపు. 1916లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ట్రెండెలెన్‌బుర్గ్ దీనికి ఎర్ర అద్దాల కళ్లజోడును ఉపాయంగా చూపించాడు. అది పెట్టుకుని వరండాలో తిరగవచ్చు, చీటీలు రాయవచ్చు, మాట్లాడవచ్చు. కోన్‌లు ఎరుపుతో పని నడిపిస్తుంటే రాడ్‌లు తమ చీకటిలో తాము సిద్ధమవుతుంటాయి. 1950లలో తెర వెలుగును పెంచే పరికరాలు వచ్చేదాకా రేడియాలజిస్టులకు ఆ కళ్లజోడే దిక్కు. ఎక్స్‌రే చరిత్రలో గొప్ప గొప్ప యంత్రాలున్నాయి గానీ, రెండు ఎర్ర గాజుముక్కలతో ఇంతమంది సమయం మిగిల్చిన ఈ ఆలోచన ముందు నాకవి ఏవీ ఆనవు.

రెండో ప్రపంచయుద్ధంలో అదే కళ్లజోడు పైలట్ల ముఖాల మీదికెక్కింది. రాత్రి ఎగరాల్సినవాళ్లు దీపాలు వెలిగే గదిలో పేకాడుకుంటూనే, కబుర్లాడుకుంటూనే కళ్లను చీకటికి సిద్ధం చేసుకునేవారు. పిలుపు రాగానే కళ్లజోడు తీసి విమానం వైపు పరుగు. జలాంతర్గాముల్లో రాత్రి కాగానే ఎర్ర దీపాలు వెలిగేవి. పెరిస్కోపు దగ్గరికో, పైకెక్కి డెక్ మీదికో వెళ్లేవాడు సముద్రాన్ని వెంటనే చూడగలగాలి కదా. కాక్‌పిట్ మీటర్లు ఎర్రబారాయి, మ్యాపు లైటూ ఎర్రబారింది. మ్యాపులో ఎర్ర రోడ్డు మాయమైంది ఇక్కడే.

ఎరుపుకూ లోపం లేకపోలేదు. ఎర్ర వెలుగులో దగ్గరి అక్షరాలు చదవడానికి కన్ను ఎక్కువ శ్రమ పడాలి. చత్వారం వచ్చినవాళ్లకు అది మరీ కష్టం. అందుకే 1980లలో అమెరికా నౌకాదళ పరిశోధకులు జలాంతర్గాముల్లో ఎరుపుకు బదులు బాగా తగ్గించిన తెల్లలైటు మేలని తేల్చారు. అయితే ఈ వాదమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: లోపలి దీపం వల్ల బయటి చీకటి ఎంత కనబడకుండా పోతోంది?

ఇక కార్ల సంగతి. 1912లో క్యాడిలాక్ ఎలక్ట్రిక్ స్టార్టరుతో పాటు ఎలక్ట్రిక్ దీపాలూ తెచ్చింది. ఆ తర్వాత చాలాకాలం డాష్‌బోర్డు వెలుగంటే మీటరు వెనకో పక్కనో ఒక చిన్న బల్బు. దాని మీద ఆకుపచ్చ రబ్బరు తొడుగో, రంగు ప్లాస్టిక్ ముక్కో ఉండేది. తక్కువ వెలుగులో కంటికి బాగా ఆనేది ఆకుపచ్చే కాబట్టి ఆ ఎంపికలోనూ అర్థముంది. 1960లో క్రైస్లర్ బల్బు లేకుండా పూతే వెలిగే ఎలక్ట్రోల్యూమినిసెంట్ మీటర్లు పెట్టింది. 1975లో వచ్చిన మొదటి బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో మీటర్లు నారింజ కలిసిన ఎరుపులో వెలిగాయి. సుమారు 605 నానోమీటర్లు. మరీ ఎరుపైతే చదవడం కష్టం, పసుపైతే చీకటిచూపు దెబ్బతింటుంది. ఆ రెంటి మధ్యా తూచి పెట్టినట్టున్న రంగు అది. విమానాల కాక్‌పిట్ నుంచి వచ్చిన పాఠం ఇంత శ్రద్ధగా కార్లో కూర్చోవడం నాకు ఎంతో నచ్చుతుంది.

నీలం రాక వేరే కథ. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చినా, ప్రకాశవంతమైన నీలం కోసం ముప్ఫై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. జపాన్‌లో అకసాకి, అమానో, నకమురా గాలియం నైట్రైడ్‌ను లొంగదీసుకున్నాకే అది సాధ్యమైంది. ఆ ముగ్గురికీ 2014లో నోబెల్ వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చలకు నీలం తోడయ్యాక ఒకే చిన్న దీపంలో మూడింటినీ కలిపి ఏ రంగైనా పుట్టించవచ్చు. 2005 ఫోర్డ్ మస్టాంగ్ మీటర్లకు 125కి పైగా రంగులిచ్చింది. 2013 మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో ఫిలమెంటు బల్బు ఒక్కటీ లేదు. అందులో దాదాపు 500 ఎల్‌ఈడీలు, వాటిలో 300 దాకా లోపలే. యాంబియెంట్ రంగులు 7. మూడేళ్లకు ఈ-క్లాస్‌లో అవి 64 అయ్యాయి. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచి ఫ్యాక్టరీ నుంచి 2019లో బయటికొచ్చిన కియా సెల్టోస్‌లో పాటకు తగ్గట్టు మారే మూడ్ ల్యాంపులు పెట్టారు. లక్షల రూపాయల జర్మన్ సరదా మన మధ్యతరగతి ఇంటి ముందుకు వచ్చేసింది.

ఇక్కడే నాకు బాధ. రంగులు పెరిగాయి, ప్రశ్న పోయింది. ట్రెండెలెన్‌బుర్గ్ నుంచి బీఎండబ్ల్యూ దాకా రంగును ఎంచినవాళ్ల చూపు అద్దం అవతలి చీకటి మీద ఉండేది. ఇప్పుడు మూడ్ మీద, ఫొటోలో ఎలా పడుతుందన్న దాని మీద ఉంది. మన బెడ్‌రూముల్లో జీరో బల్బులా కారు లోపలా ఓ రంగు వెలగడం హాయే, కాదనను. కానీ బెడ్‌రూము గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కదలదు.

ఒకసారి రాత్రి కర్నూలు దాటి అనంతపురం వైపు వెళ్తున్నాం. బావమరిది నడుపుతున్నాడు, కారు లోపలి లైట్లు ముదురు నీలంలో పూర్తి వెలుగుతో ఉన్నాయి. "బావా, విమానంలో ఉన్నట్టు లేదూ?" అన్నాడు ముచ్చటగా. నా పక్క అద్దంలో తలుపు మీది నీలి గీత తిరిగి కనిపిస్తోంది, సరిగ్గా సైడ్ మిర్రర్ ఉండే చోట. ఓవర్‌టేక్ చేసే ముందు వాడు ఆ గీతను దాటి మిర్రర్‌లోకి చూడటానికి తల కాస్త ముందుకు వంచుతున్నాడు. వెలుగు తగ్గించమన్నాను. తగ్గించాక గీత పోయింది, ఎడమ పక్కన లైటు లేని ట్రాక్టరు ట్రాలీ కనిపించింది. రాడ్‌లకు బాగా తగిలేది నీలాకుపచ్చల వైపు వెలుగే. పైగా చూపు నిలిచే రెటీనా నట్టనడుమ నీలాన్ని పట్టే కోన్‌లు లేవు, అందుకే నీలం అక్షరాలు రాత్రిపూట అలుక్కుపోయినట్టు ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్ 1997 గోల్ఫ్‌లో మీటర్లకు నీలం తెచ్చి, 2008 మోడల్లో తెలుపుకు మారింది.

బయటి చీకటి గురించిన ఆ ప్రశ్నను చివరిదాకా వదలనిది స్వీడన్‌కు చెందిన సాబ్. 1937లో విమానాల కోసమే పుట్టిన కంపెనీ అది. 1993లో వచ్చిన కొత్త 900లో ఒక బటన్ ఉండేది. నొక్కితే మీటర్లన్నీ ఆరిపోయి స్పీడు మీటరు ఒక్కటే మిగిలేది, అదీ 140 దాకానే. పెట్రోలు తగ్గితే పెట్రోలు మీటరు తనంతట తానే వెలిగేది. సాబ్ కార్ల కంపెనీ 2011లో దివాలా తీసింది. ఆ బటన్‌ను మిగతావాళ్లలో చాలామంది ఎందుకు అందిపుచ్చుకోలేదో! 2020 ఎస్-క్లాస్‌లో మాత్రం కొంత ఊరట దొరికింది: వెనక నుంచి బండి వస్తుండగా తలుపు తీయబోతే యాంబియెంట్ లైటే ఎర్రగా మారి హెచ్చరిస్తుంది. రంగుకు మళ్లీ పని దొరికింది.

కొత్త కారు చూడ్డానికి వెళ్తే చీకటిపడ్డాక టెస్ట్ డ్రైవ్ అడగండి. రంగుకన్నా ముందు వెలుగు తగ్గించే స్లైడరును కిందికి జరిపి, పక్క అద్దాల్లో, ముందు అద్దంలో గీతలు పడుతున్నాయేమో చూడండి. కాళ్ల దగ్గరా, తలుపు జేబుల్లోనూ వెలిగేవి ఉంచుకోవచ్చు, డాష్‌బోర్డు మీది పట్టీని బాగా తగ్గించడం మేలు. నారింజ వైపు ఎరుపు పెడితే కళ్లకు సుఖం. పిల్లలు నీలం కావాలని గొడవ చేస్తే, బండి పార్క్ చేశాక పెట్టుకోనివ్వండి.