సూదిలో రేడాన్, ఇంట్లో రేడాన్

ఐర్లండు అనగానే మనవాళ్ళకు పచ్చిక బయళ్ళు, ఎడతెగని వాన గుర్తుకొస్తాయి. ఇక్కడ ఉంటూ విజ్ఞానశాస్త్ర చరిత్ర చదువుకునే నాకు మాత్రం రేడాన్ గుర్తుకొస్తుంది. రంగు, రుచి, వాసన లేని ఈ వాయువుకూ ఈ దేశానికీ నూరేళ్ళు పైబడిన అనుబంధం ఉంది.

1914లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ భూగర్భశాస్త్ర ఆచార్యులు జాన్ జోలీ, డాక్టర్ స్టీవెన్స్ ఆసుపత్రి వైద్యులు వాల్టర్ స్టీవెన్‌సన్ కలిసి ఒక కాన్సర్ చికిత్సను రూపొందించారు. రేడియం చాలా ఖరీదు. అందుకని దాన్ని ఒకచోట భద్రపరచి, దాన్నుంచి వెలువడే రేడాన్‌ను మాత్రం సన్నని గాజు గొట్టాల్లో పట్టి, బోలు సూదుల్లో పెట్టి కణితిలోకి గుచ్చేవారు. అదే ఏడాది రాయల్ డబ్లిన్ సొసైటీ రేడియం ఇన్‌స్టిట్యూట్‌ను నెలకొల్పింది. ఈ చికిత్సకు ‘డబ్లిన్ పద్ధతి’ అని పేరొచ్చింది.

సూది పనిచేస్తోంది సరే, కణంలో జరిగేదేమిటి? అది అప్పటికి తెలియదు. 1943 ఫిబ్రవరిలో అదే ట్రినిటీలో ఎర్విన్ ష్రోడింగర్ ‘జీవమంటే ఏమిటి?’ అంటూ ఉపన్యాసాలిచ్చారు. ప్రధాని డి వలేరా కూడా వచ్చి విన్నారు. ఎక్స్-కిరణాల దెబ్బ ఒక్కటి తగిలినా జన్యువు మారిపోగలదంటే, జన్యువు ఒక అణువే అయి ఉండాలని ఆయన వాదించారు. 1944లో ఈ ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. 1953లో డీఎన్ఏ నిర్మాణాన్ని వెల్లడించిన వాట్సన్, క్రిక్ ఇద్దరూ ఆ పుస్తకం తమను ప్రభావితం చేసిందన్నారు.

రేడియేషన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. కణంలో ఎక్కువ భాగం నీరే కనుక, నీటి అణువులు విడిపోయి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి. ఇవి డీఎన్ఏలోని చక్కెరలనూ క్షారాలనూ దెబ్బతీస్తాయి. రెండు పోగుల్లో ఒకటి తెగితే, రెండోదాన్ని చూసి కణం బాగుచేసుకుంటుంది. రెండూ పక్కపక్కనే తెగితే అతకడం కష్టం. అప్పుడు కణం చావనైనా చస్తుంది, తప్పుగా అతుక్కుని బతకనైనా బతుకుతుంది. మొదటిది చికిత్స, రెండోది కాన్సర్‌కు బీజం.

సూదిలో గాజు, లోహం ఆల్ఫా కణాలను ఆపేవి. బయటికొచ్చే బీటా, గామా కిరణాలే కణితిని కాల్చేవి. రేడాన్‌ను పీల్చినప్పుడు ఊపిరితిత్తులకు ఆ అడ్డుగోడ లేదు. ఆల్ఫా కణం వెళ్ళేది కొద్ది దూరమే అయినా, ఆ దారిలో రెండు పోగులనూ కలిపి తెంపడంలో దానికదే సాటి.

ఇక్కడి నేలలోని యురేనియం నుంచి పుట్టే రేడాన్ ఇళ్ళలోకి చేరుతుంది. ఏటా సుమారు 350 ఊపిరితిత్తుల కాన్సర్లకు ఇదే కారణమని ఐర్లండు పర్యావరణ సంస్థ అంచనా. ఘనపు మీటరుకు 200 బెకరెల్స్ దాటితే తగ్గించుకోమంటారు. తగ్గించే మార్గాలూ ఉన్నాయి. ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూసుకునే మనం, పడకగదిలో ఒకటి, ముందుగదిలో ఒకటి చిన్న కొలపరికరాలు మూడు నెలలు పెట్టి, ఇంటి గాలిని కూడా చూసుకోవాలని నా మనవి.