కృష్ణారావు కమిటీ నివేదిక

1971 భారత్–పాక్ యుద్ధానంతరం భారత సైన్య పునర్వ్యవస్థీకరణకు దారి చూపిన ప్రణాళికా పత్రం. 1975లో ఏర్పడిన ఈ నిపుణుల కమిటీకి అధ్యక్షుడు తెలుగువాడైన కోటికలపూడి వెంకట కృష్ణారావు (1923–2016). ఆ యుద్ధంలో సిల్హెట్ రంగంలో 8వ పర్వత డివిజన్‌ను నడిపిన అనుభవం ఆయనది. తర్వాతి కాలంలో సైన్యాధిపతి అయిన కె. సుందర్జీ కూడా ఈ కమిటీలో సభ్యుడు. గెలిచిన సైన్యం తన లోపాలను తానే వెదుక్కోవడం అరుదు. నివేదిక విలువ అక్కడే ఉంది. పోరాడే దళాలకూ సహాయక విభాగాలకూ మధ్య నిష్పత్తిని సరిదిద్దాలనీ, పదాతిదళాన్ని కవచ వాహనాలెక్కించాలనీ అది కోరింది. ఆ దిశలోనే 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ ఆవిర్భవించింది. కృష్ణారావు 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతి. ఆయన ఆలోచనను తెలుసుకోగోరే పాఠకులకు ‘ప్రిపేర్ ఆర్ పెరిష్’ (1991), స్మృతుల గ్రంథం ‘ఇన్ ద సర్వీస్ ఆఫ్ ద నేషన్’ (2001) ముఖ్య ఆధారాలు.