ఎవరును అడుగని చరిత్ర

చరిత్రకు శాసనములు, తాళపత్రములు, దస్తావేజులు ఆధారములని విద్యార్థులు చదువుకొందురు. ఇవి వ్రాయనేర్చినవారు విడిచిపోయిన ఆధారములు. మరి వ్రాయలేనివారి జీవితములకు ఆధారమేది? మేధో వైకల్యము గలవారి విషయమున ఈ ప్రశ్న మరింత కఠినమైనది. వారిని గూర్చి వైద్యులు, అధికారులు వ్రాసినది కొండంత. వారు తమను గూర్చి చెప్పుకొన్నది గోరంత.

ఇంగ్లండులోని కేటర్‌హామ్ అను ఊరిలో 1870లో ఇట్టివారికొరకు ఒక పెద్ద ఆశ్రయము వెలసినది. అదియే తరువాత సెయింట్ లారెన్స్ ఆసుపత్రి అయినది. 1913 నాటి బ్రిటిషు చట్టము వీరిని ‘ఇడియట్’, ‘ఇంబెసైల్’, ‘ఫీబుల్ మైండెడ్’, ‘మోరల్ ఇంబెసైల్’ అని నాలుగు తరగతులుగా విభజించినది. ఒకసారి ముద్ర పడినవారిలో అనేకులు దశాబ్దముల కొలది గోడల మధ్యనే బ్రతికిరి.

జోయి డీకన్ (1920–1981) వారిలో ఒకరు. మస్తిష్క పక్షవాతము వలన ఆయన కాలుసేతులు స్వాధీనములో లేవు. పలుకు ఇతరులకు అర్థము కాదు. మాట తెలియనందున బుద్ధియు లేదని లోకము తలచినది. ఆ పలుకును చక్కగా గ్రహించినవారు తోడి నివాసియగు ఎర్నీ రాబర్ట్స్. జోయి చెప్పగా ఎర్నీ దానిని తిరిగి పలికెడివారు. మైకేల్ సాంగ్‌స్టర్ వ్రాసికొనెడివారు. టామ్ బ్లాక్‌బర్న్ టైపు చేసెడివారు. టామ్‌కు చదువు రాదు. ఒక్కొక్క అక్షరమే చెప్పగా మీట నొక్కెడివారు. ఈ విధముగా నలుగురును పదునాలుగు నెలలు శ్రమింపగా జోయి ఆత్మకథ సిద్ధమై, 1974లో వెలువడినది.

ఇట్టి కథలను సేకరించుటకు ఓర్పొక్కటే చాలదు, పద్ధతియు కావలెను. అమెరికాలో సీగెల్మన్ మొదలగువారు 1981లో ఒక ముఖ్య విషయమును ప్రకటించిరి. అవును, కాదు అని బదులు చెప్పవలసిన ప్రశ్నలకు మేధో వైకల్యము గలవారిలో పలువురు ‘అవును’ అనియే చెప్పుదురు. ప్రశ్నను తలక్రిందులు చేసి అడిగినను అదే జవాబు రావచ్చును. కావున ‘అక్కడ సుఖముగా ఉంటిరా?’ అని అడుగరాదు. ‘ఉదయము లేచి ఏమి చేసెడివారు?’ అని అడుగవలెను. పాత ఛాయాచిత్రములను చూపిన జ్ఞాపకములు మేల్కొనును. చెప్పిన దానిని టేపుపై ఎక్కించి, వ్రాసి, తిరిగి వారికే చదివి వినిపింపవలెను. ఏది ఉంచవలెనో, ఏది తీసివేయవలెనో నిర్ణయింపవలసినవారు కథకు స్వంతదారులే.

మేబెల్ కూపర్ (1944–2013) జీవితకథ ఈ విధముగనే రూపొందినది. ఆమెయు సెయింట్ లారెన్సులో ఏండ్ల తరబడి ఉన్నవారే. ఓపెన్ యూనివర్సిటీకి చెందిన డొరొతీ అట్కిన్సన్ ఆమె మాటలను వ్రాసికొనగా, 1997లో ఆ కథ ప్రచురింపబడినది. అంతటితో ఆగక మేబెల్ తన పాత దస్త్రములను చూడగోరిరి. అందు ఆమెకు ‘ఇంబెసైల్’ అను ముద్ర వేయబడి యుండెను. ఆ మేబెల్ కూపరే లండనులో మేధో వైకల్యము గలవారు స్వయముగా నడుపుకొను సంఘమునకు అధ్యక్షురాలైరి. 2010లో ఓపెన్ యూనివర్సిటీ ఆమెకు గౌరవ పట్టమిచ్చినది.

జ్ఞాపకము తేదీలలో పొరపడవచ్చును. దస్త్రము మనిషి విషయములోనే పొరపడవచ్చును. అందువలన చరిత్రకారుడు రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి పరీక్షింపవలెను. సెయింట్ లారెన్స్ ఆసుపత్రి 1994లో మూతపడినది. ఈ కథలే లేకున్నచో, అక్కడ బ్రతికినవారిని గూర్చి అధికారులు వ్రాసిన మాటయే తుదిమాట అయి యుండెడిది.