అవాయు సామర్థ్యం, కండబలం: వయసుతో వచ్చే మార్పులు

అవాయు సామర్థ్యం అంటే పీల్చిన ఆక్సిజన్ అందేవరకు ఆగకుండా, కండరం తనలోని నిల్వలతోనే కొద్ది సెకన్ల నుంచి రెండు నిమిషాల దాకా చేయగల గట్టి పని. గోదావరి డెల్టాలో 75 కిలోల ధాన్యం బస్తాను ముఠా కూలీ ఒక్క ఊపున వీపు మీదికి ఎత్తుకోవడం ఇలాంటి పనే. మొదటి పది సెకన్లు ముఖ్యంగా క్రియాటిన్ ఫాస్ఫేట్ ఆదుకుంటుంది. ఆ తరవాత కండరంలోని గ్లైకోజన్ విడిపోయి శక్తినిస్తుంది, లాక్టేట్ పేరుకుంటుంది. ఎంత బరువు కదపగలమన్నది బలం. దాన్ని ఎంత వేగంగా కదపగలమన్నది పవర్. ముసలితనం ఈ రెండింటినీ ఒకే తీరుగా తగ్గించదు.

ఈ సామర్థ్యాన్ని కొలవడానికి ఇటలీ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు రొడాల్ఫో మార్గారియా 1966లో మెట్లను వాడుకున్నాడు. పరుగున మెట్లెక్కే మనిషి బరువు, ఎక్కిన ఎత్తు, పట్టిన సమయం తెలిస్తే పవర్ లెక్క తేలుతుంది. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో శివలింగం రెండంతస్తుల ఎత్తున ఉంటుంది కనుక పైభాగం దర్శనానికి మెట్లెక్కాల్సిందే. అక్కడ పిల్లలు గబగబా ఎక్కేస్తారు, పెద్దవాళ్లు మోకాలి మీద చెయ్యి ఆనించి ఒక్కో మెట్టూ ఎక్కుతారు. మోకాళ్ల నొప్పి ఒక కారణం. తొడ కండరాల పవర్ తగ్గిపోవడం మరో కారణం, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పిల్లలు ఎంత చురుగ్గా ఉన్నా వాళ్ల అవాయు సామర్థ్యం తక్కువే. కిలో బరువుకు ఎంత అని లెక్కేసినా పెద్దలతో సమానం కాదు. గ్లైకోజన్‌ను వేగంగా విడగొట్టే ఎంజైములు ఇంకా పూర్తిగా పనిలోకి రాకపోవడం అందుకు ఒక కారణం. లాక్టేట్ తక్కువగా తయారవుతుంది కాబట్టే పరుగు ఆపిన రెండు నిమిషాలకే మళ్లీ పరుగెత్తగలరు. యవ్వనం వచ్చేదాకా ఆడపిల్లలకూ మగపిల్లలకూ బలంలో పెద్ద తేడా ఉండదు. ఆపైన టెస్టోస్టిరోన్ వల్ల మగపిల్లల కండ వేగంగా పెరుగుతుంది. బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న భయానికి ఆధారం లేదు. తెలిసినవాళ్ల పర్యవేక్షణలో చేస్తే బలం పెరుగుతుంది, ఆ పెరుగుదల కండ కంటే ముందు నాడుల్లో వస్తుంది.

ఇరవై నుంచి ముప్పై ఐదేళ్ల మధ్య బలం, పవర్ శిఖరానికి చేరతాయి. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023 ఏప్రిల్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో బ్యాడ్మింటన్ స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించేనాటికి అతనికి 22 ఏళ్లు. శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచేనాటికి ఆమెకు 25.

ఈ శిఖరం ఎత్తు దేన్ని బట్టి ఉంటుందో తెలుగు నేల మీదే పరిశోధించారు. హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో 1987–90 మధ్య పుట్టిన 1,446 మందిని యుక్తవయసులో పరీక్షించారు. వాటిలో 15 గ్రామాల్లోనే అప్పట్లో గర్భిణులకు, పిల్లలకు పోషకాహారం అందింది. ఆ తేడా ఇరవై ఏళ్ల తరవాత కండలో గానీ పిడికిలి పట్టులో గానీ మేలుగా కనిపించలేదు. ఇప్పటి తిండి, ఒంటి శ్రమ, ఆర్థిక స్థితి మాత్రం బలంతో ముడిపడి కనిపించాయి. చిన్ననాటి పోషణ వృథా అని దీనర్థం కాదు. పెద్దయ్యాక తినేదీ చేసేదీ కూడా లెక్కలోకి వస్తాయని అర్థం.

ముప్పై దాటాక పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుంది, అరవై తరవాత ఇంకా వేగంగా. బలం అంతకంటే త్వరగా పోతుంది, పవర్ అన్నిటికంటే ముందు పోతుంది. చురుకైన కండర తంతువులు ఎక్కువగా సన్నబడటం, వాటిని నడిపే నాడీకణాలు రాలిపోవడం ఇందుకు కారణాలు. కాలు జారినప్పుడు తూలిపడకుండా నిలదొక్కుకోవడానికి అర క్షణంలో కావలసింది ఆ తంతువులే. ఈ కండక్షయానికి 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ సార్కోపీనియా అని పేరు పెట్టాడు. ఊడ్పులు, కొబ్బరి దింపు, మోత పనులు మానేశాక ‘ఒళ్లు తేలికపడింది’ అనుకునే డెల్టా రైతు కూలీలకు ఈ పేరు తెలియకపోయినా, కండ కరిగిన బాధ తెలుసు. 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరిశీలించి 2015లో వెలువరించిన ఒక అధ్యయనంలో, పిడికిలి పట్టు ప్రతి 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణ ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. భారతదేశం కూడా ఆ 17 దేశాల్లో ఉంది.

పోయినది చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. 1990లో అమెరికాలో సగటున 90 ఏళ్లున్న బలహీన వృద్ధులతో ఎనిమిది వారాలు బరువుల వ్యాయామం చేయిస్తే, పూర్తి చేసినవారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. వ్యాయామంతో పాటు మాంసకృత్తులూ కావాలి. పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు ఉండాలని 2020లో జాతీయ పోషకాహార సంస్థ సూచించింది. తెల్లన్నం, పచ్చడితో సరిపెట్టుకునే వృద్ధులకు ఇది అందదు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప తోడు కావాలి.

ఇంట్లో పెద్దలుంటే ఒక పరీక్ష చేయించండి. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి వరసగా అయిదుసార్లు లేచి కూర్చోమనండి, మీరు పక్కనే నిలబడండి. ఆసియా నిపుణుల 2019 ప్రమాణం ప్రకారం 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల పనితీరు తగ్గినట్టే. గుండె జబ్బు, కీళ్ల బాధ ఉంటే డాక్టర్ని అడిగి, అదే లేచి కూర్చోవడాన్ని రోజూ వ్యాయామంగా మొదలుపెట్టించండి.