గోటి కింద నల్లమచ్చ

1980 సెప్టెంబరు 21, ఆదివారం. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఇద్దరు స్నేహితులు పరుగు తీస్తున్నారు. ఒకరు అలన్ స్కిల్ కోల్, జమైకాలో పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడు. రెండో మనిషి బాబ్ మార్లే. వయసు 35. ముందు రెండు రాత్రులూ అదే ఊళ్లో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వేలమంది ముందు పాడాడు. పాడినంతసేపూ జడలు విదిలిస్తూ గంతులు వేసేవాడు. బంతి కనిపిస్తే ఆడకుండా ఉండలేడు. అలాంటివాడు పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉన్నట్టుండి కుప్పకూలాడు.

డాక్టర్లు పరీక్షలు చేసి మెదడులో గడ్డ ఉందన్నారు. అది మెదడులో పుట్టిన గడ్డ కాదు. మూడేళ్ల కిందట కుడికాలి బొటనవేలి గోటి కింద బయటపడిన క్యాన్సరే అంతదూరం వచ్చింది.

రెండు రోజులకు, మంగళవారం రాత్రి, పిట్స్‌బర్గ్‌లోని స్టాన్లీ థియేటర్‌లో మళ్లీ వేదిక ఎక్కాడు. అదే ఆఖరు కచేరీ.

ధర్మవరంలోనో పెనుకొండలోనో ఉండి ఈ జమైకా గాయకుడి కథ మనకెందుకు అనిపించవచ్చు. చర్మ క్యాన్సర్ అనగానే మనకు గుర్తొచ్చేది ఎండ, తెల్లతోలు, ఆస్ట్రేలియా. ఆ భయం అక్కడి వాళ్లకు నిజమే. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ వచ్చేది ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జనానికే. మన దేశంలో ఏడాదికి లక్షమందిలో ఒక్కరికి కూడా రాదు. అందుకే మన ఇళ్లలో దాని ఊసే ఉండదు. కానీ మనలాంటి చామనచాయ, నలుపు ఒంటికి అది వచ్చినప్పుడు ఎండ తగిలే ముఖం మీదా భుజం మీదా కాకుండా, ఎండ తగలని అరికాలిలో, గోటి కింద, అరచేతిలో వచ్చే పాలు చాలా ఎక్కువ. మార్లేకు వచ్చింది ఆ రకమే. దాని పేరు ఆక్రల్ లెంటిజినస్ మెలనోమా. రిచర్డ్ రీడ్ అనే అమెరికన్ పాథాలజిస్టు దాన్ని వేరే రకంగా గుర్తించి ఆ పేరు పెట్టింది 1976లో. ఆ మరుసటి ఏడే మార్లే వేలిని డాక్టర్లు చూశారు.

1977 మే నెల. మార్లే బృందం యూరప్‌లో కచేరీలు చేస్తోంది. పారిస్‌లో తీరిక దొరికితే విలేకరులతో ఫుట్‌బాల్ ఆట పెట్టుకున్నారు. ఆటలో మార్లే బొటనవేలికి దెబ్బ తగిలి గోరు ఊడింది. కట్టు కట్టించుకుని కచేరీలు కొనసాగించాడు. జూన్ మొదట్లో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో వరసగా పాడాడు. పుండు మానలేదు. ఆటలో దెబ్బ తగిలింది, రోజూ వేదిక మీద గెంతుతున్నాడు, ఇక ఎలా మానుతుంది అని ఎవరైనా అనుకుంటారు. ఆ కారణం కళ్ల ముందే ఉంది, దాన్ని కాదని ఇంకొకటి వెతకాలని ఎవరికీ తోచదు.

జులైలో లండన్ డాక్టర్లు వేలి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. మెలనోమా అని తేలింది. వేలు తీసేయాలన్నారు. మార్లే ఒప్పుకోలేదు. అతని రాస్తాఫారీ విశ్వాసంలో శరీరంలో ఏ భాగాన్నీ కోసి తీసేయకూడదు. మయామీలో మరో సర్జన్ వేలు ఉంచి, గోటి కింది కండను, చుట్టూ ఉన్న భాగాన్ని తొలగించి, వేరేచోటి చర్మం తెచ్చి అతికించాడు. అమెరికా కచేరీలు రద్దయ్యాయి. పుండు మానింది. మార్లే మళ్లీ బంతి ఆడాడు.

ఆ తర్వాతి మూడేళ్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది. 1978 ఏప్రిల్‌లో కింగ్‌స్టన్ వేదిక మీద, ఒకరి మనుషులు ఇంకొకరి మనుషులను చంపుకుంటున్న ఇద్దరు జమైకా రాజకీయ నాయకులు మ్యాన్లీ, సియాగాల చేతులు పట్టుకుని కలిపాడు. 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకలో పాడాడు. ఆ జూన్‌లో మిలాన్ స్టేడియంలో లక్షమంది వచ్చారు. మనిషి జీవితంలో అంతకంటే ఎత్తయిన రోజులు ఉండవు. ఆ రోజుల్లోనే క్యాన్సర్ కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకుతున్నాయి. కూలిపోయాక జర్మనీలోని బవేరియాలో ఇసెల్స్ అనే వైద్యుడి దగ్గర నెలల తరబడి ఉన్నాడు. జడలు పోయాయి, ఒళ్లు చిక్కిపోయింది. ఇంటికి బయల్దేరి మయామీ దాకా రాగలిగాడు. 1981 మే 11న అక్కడి ఆసుపత్రిలో కన్నుమూశాడు. 36 ఏళ్లు.

ఫుట్‌బాల్ దెబ్బ వల్లే క్యాన్సర్ వచ్చిందని ఇప్పటికీ చాలామంది చెప్పుకుంటారు. డాక్టర్లు ఆ మాట ఒప్పుకోరు. దెబ్బ అక్కడున్న వ్యాధిని బయటపెట్టి ఉండవచ్చు, లేదా దాని మీద ముసుగు వేసి ఉండవచ్చు. ఈ కథలో నన్ను భయపెట్టేది ఆ ముసుగే. ఎందుకంటే మన ప్రాంతంలో కాలికి దెబ్బ తగలని మనిషి దొరకడు.

"ఏమైందన్నా కాలికి?"

"ఏం ల్యాదప్పా, తుమ్మముల్లు ఇరిగింది."

శనక్కాయ చేలల్లో, బెంగళూరు రైలు పట్టాకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో, ఈ మాట రోజూ వినిపిస్తుంది. ముల్లు విరిగిన చోట నల్లగా ఉంటే ముల్లే లోపల ఉందనుకుంటారు, పిన్నీసుతో తవ్వుతారు. అరికాలు గట్టిపడితే ఆనెకాయ అంటారు, బ్లేడుతో చెక్కుతారు. ధర్మవరంలో గుంతమగ్గం నేసేవాళ్ల కాళ్లు పొద్దంతా మగ్గం కింద, గుంతలోని చీకట్లో, చెక్కలు తొక్కుతూ ఉంటాయి. పట్టుచీర అంచు మీద నూలంత తేడా పట్టేసే ఆ కళ్లకు తన అరికాలు కనపడే అవకాశమే లేదు. హిందూపురం మార్కెట్లో చింతపండు, మిరపకాయల మూటలు మోసే హమాలీల పాదాలూ అంతే. పెనుకొండ దగ్గర యర్రమంచి కార్ల ఫ్యాక్టరీలోనూ, దాని చుట్టూ పుట్టిన చిన్న కంపెనీల్లోనూ పనిచేసే పిల్లలు రోజంతా బిగుతు బూట్లలో ఉంటారు. గోరు నల్లబడితే బూటు ఒత్తిందనుకుంటారు. ఆడవాళ్ల గోళ్ల మీద గోరింటాకు ఉంటుంది. పండగ పండగకూ పెట్టుకునే ఆ ఎరుపు కింద సన్నటి నల్లగీత ఎంతకాలం దాక్కోగలదో ఆలోచించండి.

ఇందులో నూటికి తొంభైతొమ్మిది సార్లు అది ముల్లే, ఆనెకాయే, బూటు ఒత్తుడే. భయపెట్టడానికి రాయడం లేదు. మిగిలిన ఆ ఒక్కదాన్ని ఎలా పట్టుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

గోటి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని ఇంట్లోనే సగం తేల్చుకోవచ్చు. దెబ్బ తగిలి గోటి కింద రక్తం గడ్డకడితే, గోరు పెరిగే కొద్దీ ఆ మచ్చ ముందుకు జరుగుతుంది. వెనక, గోటి మొదట్లో తెల్లటి కొత్త గోరు కనిపిస్తుంది. కాలి బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది కాబట్టి ఓపిక కావాలి. ఫోన్‌తో ఫొటో తీసి తేదీ రాసుకుని, నెల తర్వాత మళ్లీ తీసి పక్కపక్కన పెట్టండి. మచ్చ కదలకపోయినా, మొదట్లో తెల్ల గోరు రాకపోయినా, గీత వెడల్పవుతున్నా అది రక్తం కాకపోవచ్చు. నలుపు గోరు దాటి చుట్టూ చర్మంలోకి పాకితే ఇక ఫొటోలతో కాలయాపన వద్దు. 1886లోనే జొనాథన్ హచిన్సన్ అనే ఇంగ్లిష్ సర్జన్ ఇలా అంచు నల్లబడిన గోరుచుట్టు మామూలు గోరుచుట్టు కాదని రాసిపెట్టాడు. డాక్టర్లు ఈనాటికీ ఆ గుర్తును ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంకోమాట. మన రంగు వాళ్లలో చాలామందికి చిన్నప్పటి నుంచో యవ్వనం నుంచో నాలుగైదు గోళ్లకు గోధుమరంగు గీతలు ఉంటాయి. అవి సహజం. పెద్దయ్యాక ఒక్క గోటికే కొత్తగా వచ్చిన గీతను అనుమానించాలి.

అరికాలి మచ్చకు డాక్టర్ దగ్గరుండే చిన్న పరికరం కావాలి. డెర్మోస్కోప్ అంటారు, లైటున్న భూతద్దం. దాన్ని అరికాలికి ఆనించి చూస్తే చర్మం శనక్కాయ వేసిన చేనులా, గట్టు, చాలు, గట్టు, చాలుగా కనిపిస్తుంది. చెమట రంధ్రాలు తెల్లటి చుక్కల్లా గట్ల మీద వరసగా ఉంటాయి. మామూలు పుట్టుమచ్చ రంగు ఎక్కువగా చాళ్లలో నిలుస్తుంది. మెలనోమా రంగు గట్ల మీద పరుచుకుంటుంది. జపాన్ వైద్యులు, వాళ్లలో ముఖ్యంగా సైదా, ఏళ్లతరబడి అరికాళ్లను చూసి చూసి ఈ తేడా పట్టుకున్నారు. వాళ్లకూ మెలనోమా ఎక్కువగా పాదాల్లోనే వస్తుంది. రెండు నిమిషాల పరీక్ష ఇది, నొప్పి లేదు, రక్తం రాదు.

ఇంకో చిక్కుంది. కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు. ఎర్రటి కండలా, మానని పుండులా కనిపిస్తాయి. షుగర్ ఉన్న మనిషి కాలి మీద అలాంటిది వస్తే అందరూ షుగర్ పుండే అనుకుంటారు. కట్లు మారుస్తూ నెలలు గడిచిపోతాయి. కట్టు కట్టినా, మందు వాడినా నెలన్నర, రెండు నెలల్లో మానే దారి పట్టని పుండు నుంచి ముక్క తీసి పరీక్షించమని రోగే అడగవచ్చు. అడగడం తప్పు కాదు.

పదో తరగతి సర్టిఫికెట్ కోసం బడిలో సారు మన ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు వెతికి రాసుకున్నది ప్రతి తెలుగువాడికీ గుర్తుంటుంది. కుడి చెంప మీద ఒకటి, ఎడమ చేతి మీద ఒకటి. పైకి కనిపించేవే రాస్తారు. అరికాలిలో ఏముందో ఎవరూ రాయరు, మనకూ తెలియదు. అందుకే నెలకొకసారి నూనె రాసుకుని తలంటుకునే రోజున అరికాళ్లు, వేళ్ల సందులు, గోళ్లు ఒకసారి వెలుతురులో చూసుకోవాలి. వంగలేని పెద్దవాళ్లకు కొడుకో కోడలో మనవరాలో చూడాలి. ఒక వైపు ఇంకో వైపులా లేకపోవడం, అంచు గీరుకుపోయినట్టు ఉండడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, పెన్సిల్ వెనకున్న రబ్బరంత దాటిన సైజు, ఇవన్నీ గుర్తులే. వీటన్నిటికంటే పెద్ద గుర్తు మార్పు. నిరుడు లేనిది ఈ ఏడు ఉంటే, ఉన్నది పెరిగితే, దురదపెట్టి రసి కారితే చూపించుకోవాలి.

చూపించుకునే ముందు చేయకూడని పని ఒకటుంది, దాన్ని గట్టిగా చెప్పాలి. సున్నం, సోడా కలిపి మచ్చ మీద పెట్టడం, జీడిరసంతో కాల్చడం, బ్యూటీ పార్లర్‌లో కరెంటు సూదితో మాడ్పించడం. మామూలు మచ్చకు మచ్చ పోయి గాటు మిగులుతుందేమో. మెలనోమా అయితే పైనున్న సాక్ష్యం కాలిపోయి లోపల వ్యాధి మిగులుతుంది. ఆ తర్వాత ఏ డాక్టర్ చూసినా అక్కడ కనపడేది పాత గాయం మచ్చే. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందన్న భయం కూడా మన ఇళ్లలో బలంగా ఉంది. ముక్క పరీక్ష వల్ల మెలనోమా పాకదు. దాన్ని ఉండనివ్వడం వల్ల పాకుతుంది.

పాకకముందు పట్టుకుంటే ఇది కోతతో పోయే జబ్బు. మందం ఒక మిల్లీమీటరు దాటని మెలనోమాను తీసేస్తే చాలామంది మామూలుగా బతికేస్తారు. పాకిన తర్వాత కథ వేరు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, 90 ఏళ్ల వయసులో, మెలనోమా కాలేయానికీ మెదడుకూ పాకింది. మార్లే కాలంలో లేని ఇమ్యునోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చారు, రేడియేషన్ ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరుకు స్కానింగులో గడ్డలు కనపడలేదు. ఆయన 2024 దాకా, నూరేళ్లు నిండే దాకా బతికారు. ఆ మందు ఇప్పుడు మన దేశంలోనూ ఉంది. కానీ దాని ధర నేతగాడి సంపాదనకు ఎక్కడా అందదు. పైగా అది అందరికీ కార్టర్‌కు పనిచేసినట్టు పనిచేయదు, అరికాలి రకానికి ఇంకా తక్కువ. మనకు చేతిలో ఉన్న చవకైన మందు తొందరగా వెళ్లడమే.

ఎక్కడికి వెళ్లాలి? ముందు ఊళ్లోని ప్రభుత్వ ఆసుపత్రికి, హిందూపురం అయినా ధర్మవరం అయినా పెనుకొండ అయినా. అక్కడ తేలకపోతే అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. వ్యాధి ఖాయమైతే మన వాళ్లు ఎక్కువగా పట్టే దారి బెంగళూరు కిద్వాయి, 1973 నుంచి ఉన్న క్యాన్సర్ ఆసుపత్రి. ఈ మూడు ఊళ్ల నుంచీ రైలుంది. హిందూపురం నుంచి మూడుసార్లు గెలిచిన ఎన్టీఆర్ భార్య బసవతారకం క్యాన్సర్‌తోనే పోయారు. ఆమె పేరున 2000లో మొదలైన ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉంది. తెల్లకార్డు ఉన్నవాళ్లు ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏ ఆసుపత్రిలో ఏ వైద్యం ఉచితమో ఆరోగ్యమిత్రను అడిగి, ఆ తర్వాతే ప్రయాణం కట్టుకోవడం మంచిది.

ఎక్కడ ముక్క తీసినా, దాన్ని పారేయకుండా ల్యాబుకు పంపారో లేదో అడగండి. రిపోర్టు వచ్చాక అందులో బ్రెస్లో మందం అని ఒక అంకె ఉంటుంది, మిల్లీమీటర్లలో. అమెరికన్ పాథాలజిస్టు అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో చెప్పిన కొలత అది. ఇంకా ఎంత చర్మం తీయాలి, గజ్జల్లో గ్రంథిని పరీక్షించాలా వద్దా అన్నది చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడుతుంది. పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు కాగితంతో పాటు మైనంలో ఉంచిన ఆ ముక్కను, గాజు స్లైడ్లను కూడా ల్యాబు నుంచి అడిగి తీసుకెళ్లాలి. బ్లాక్, స్లైడ్ అంటే వాళ్లు ఇస్తారు. అవి లేకుండా వెళితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.