గుత్తకిచ్చిన సర్కారు ముద్ర

ప్రభుత్వం నడిపే లాటరీని ప్రైవేటువారి చేతికి అప్పగించవచ్చునా అన్న ప్రశ్న వినగానే, అది కేరళవారి సమస్య అనో ఈశాన్య రాష్ట్రాలవారి సమస్య అనో పక్కకు పెట్టేస్తాము. నేడు తెలంగాణలో గాని ఆంధ్రప్రదేశ్‌లో గాని సర్కారు లాటరీ లేదు గనుక అలా అనుకోవడం సహజమే. అయితే మెదక్ సీమ గతాన్ని కాస్త తిరగవేసినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదని తోస్తుంది. దీనికి మన భాషలో ఒక పాత పేరు ఉన్నది. ఆ పేరు గుత్త.

నిజాంపేట వంటి ఊళ్ళలో ఈ మాటకు అర్థం చెప్పవలసిన పని లేదు. చెరువులో చేపలు, తోపులో మామిడికాయలు, అంగడిలో తైబజారు, అన్నీ గుత్తకు పోయినవే. ఇంత మొత్తమని ముందుగా ఒప్పుకొని చెల్లించి, ఆ పైన రాబట్టుకున్నదంతా తన సొంతం చేసుకునేవాడు గుత్తేదారు. మామిడితోపు గుత్తకిస్తే నష్టమేమీ లేదు. కానీ ఒకప్పుడు ఇక్కడ రాజ్యాధికారమే గుత్తకు పోయింది.

పంతొమ్మిదవ శతాబ్ది తొలి సగంలో, ముఖ్యంగా మహారాజా చందూలాల్ పెత్తనం సాగిన కాలంలో, నిజాం రాజ్యంలో శిస్తు వసూలు చాలామటుకు గుత్తల మీదనే నడిచింది. ఖజానా వట్టిపోయినది, సైన్యానికి జీతాలు బాకీ. కాబట్టి ముందుగా సొమ్ము తెచ్చి పోసినవాడికి తాలూకాలు అప్పగించేవారు. ఆ తాలూకాదారుకు సాహుకారు అప్పిచ్చేవాడు. అంతకంటె ఎక్కువ ఇస్తానన్నవాడు మరొకడు వస్తే మొదటివాడి పని అంతటితో సరి. రేపు ఉంటానో ఊడతానో తెలియనివాడు ఈ ఏడే పిండుకుంటాడు గాని, వచ్చే ఏటి పంట గురించి ఆలోచించడు. చెరువు గట్టు తెగితే వాడికేమి? రైతు ఊరు విడిచిపోతే వాడికేమి? అయినా రైతు ముందుకు వచ్చి నిలబడిన వాడి చేతిలో ఉన్నది సర్కారు సనదే, వాడి వెనుక నిలిచినది సర్కారు పేరే.

1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు ఈ రోగాన్ని సరిగా పట్టుకున్నాడు. గుత్తేదారులను క్రమంగా తొలగించి, జీతం మీద పనిచేసే తాలూకాదారులను నియమించాడు. 1865 నాటి జిలాబందీతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించి ఈ పద్ధతిని స్థిరపరచాడు. తరువాతి కాలంలో గుల్షనాబాద్ అన్న పేరుతోనూ వ్యవహరించబడిన మన మెదక్ సుబా ఆ పాలనావ్యవస్థలోనిదే. జీతగాళ్ళందరూ ధర్మమూర్తులని నేననను. కానీ జీతగాడి తప్పుకు సర్కారు జవాబు చెప్పవలసి వస్తుంది. గుత్తేదారు తప్పు సర్కారుకు కనబడదు, ఎందుకంటే దాని వాటా దానికి ముందే ముట్టింది.

ఇక లాటరీకి వద్దాము. 1967లో కేరళ ప్రభుత్వం, పి.కె. కుంజు ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, ప్రైవేటు లాటరీలను నిషేధించి తానే లాటరీ మొదలుపెట్టింది. టిక్కెట్టు ఒక రూపాయి, మొదటి బహుమతి యాభైవేలు, మొదటి డ్రా 1968 జనవరి 26న. ఆ దారిలోనే ఎన్నో రాష్ట్రాలు నడిచాయి. 1998లో పార్లమెంటు చేసిన లాటరీల నియంత్రణ చట్టం కొన్ని షరతులు పెట్టింది. టిక్కెట్టును రాష్ట్రమే తన ముద్రతో అచ్చువేయించాలి, డ్రా రాష్ట్రమే తీయాలి, అమ్మకపు సొమ్ము రాష్ట్ర ఖాతాలో పడాలి, ఒంటి అంకె మీద పందెం కూడదు. అమ్మకం మాత్రం స్వయంగా గాని, డిస్ట్రిబ్యూటర్ల ద్వారా గాని, ఏజెంట్ల ద్వారా గాని జరపవచ్చును.

గుత్త ప్రవేశించినది ఈ చివరి వాకిలి గుండానే. కేరళ తన లాటరీల శాఖ ద్వారా వేలాది ఏజెంట్లకు టిక్కెట్లు ఇస్తున్నది. సిక్కిం వంటి చిన్న రాష్ట్రాలు మొత్తం టిక్కెట్లను పెద్ద డిస్ట్రిబ్యూటర్లకు అప్పగించి, దూర రాష్ట్రాలలో అమ్ముకోనిచ్చాయి. ఆ డిస్ట్రిబ్యూటర్లపై కేంద్రం సేవాపన్ను వేయగా వచ్చిన వివాదంలో 2025 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్రానికీ డిస్ట్రిబ్యూటరుకూ మధ్య ఉన్నది యజమాని, ఏజెంటు సంబంధం కాదు, అమ్మినవాడు, కొన్నవాడు అన్న సంబంధమే, కాబట్టి సేవాపన్ను చెల్లదన్నది. అది పన్నుకు సంబంధించిన తీర్పు. నాకు మాత్రం అందులో చందూలాల్ కాలపు తాలూకాదారు కనిపించాడు. టిక్కెట్లు టోకుగా కొని రాష్ట్రానికి ఇవ్వవలసినది ఇచ్చేస్తే, తక్కిన రాబడి వాడిది.

ఆ రాబడి ఎంతటిదో ఊహించుకోవడానికి ఒక్క లెక్క చాలును. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆజ్ఞపై ఎన్నికల బాండ్ల వివరాలు వెల్లడైనప్పుడు, అందరికంటె ఎక్కువగా, 1,368 కోట్ల రూపాయల బాండ్లు కొన్నది ఫ్యూచర్ గేమింగ్ అనే లాటరీ సంస్థ. గుత్తేదారు అంత ఎదిగినప్పుడు అతణ్ణి అదుపుచేయవలసిన సర్కారు ఏ ముఖంతో అదుపుచేస్తుంది?

ప్రైవేటువారు నడిపిన ప్రతి లాటరీ ఇలాగే ఉంటుందనడం న్యాయం కాదు. బ్రిటన్ జాతీయ లాటరీని 1994 నుండి కేమ్‌లాట్ సంస్థ నడిపింది, 2024 ఫిబ్రవరి నుండి ఆల్విన్ నడుపుతున్నది. అక్కడ లైసెన్సుకు గడువు ఉన్నది, పోటీ ఉన్నది, నిర్వాహకునిపై కన్నువేసి ఉంచే వేరొక సంస్థ ఉన్నది. అంతటి కాపలా పెట్టగల శక్తి ఉన్న సర్కారు గుత్తకిచ్చినా ప్రమాదం తక్కువే. మన అనుభవంలో కాపలా చేతగాకనే, లేదా వెంటనే సొమ్ము కావాలనే గుత్తకిస్తారు. చందూలాల్ చేసినదీ అదే.

లాటరీ లేని మన రెండు రాష్ట్రాలూ ఈ విషయంలో గర్వపడే స్థితిలో లేవు. 2023 ఆగస్టులో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లక్కీ డ్రా తీశారు. సుమారు లక్షా ముప్పయిరెండు వేల దరఖాస్తులు, ఒక్కొక్కదానికి తిరిగిరాని రుసుము రెండు లక్షలు, వెరసి రెండువేల ఆరువందల కోట్ల పైమాట. ఆంధ్రప్రదేశ్ 2019లో మద్యం దుకాణాలను సర్కారు చేతిలోకి తీసుకొని, 2024 అక్టోబరులో తిరిగి ప్రైవేటుకు ఇచ్చింది. 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు, సుమారు 1,797 కోట్లు. టిక్కెట్టు వెల రెండు లక్షలయితే దానిని లాటరీ అనరు కాబోలు! నెగ్గినవాడు పెట్టిన సొమ్ము రెండేళ్ళ గడువులోపల ఎవరి దగ్గర రాబట్టుకోవాలి? నిజాంపేటలో సాయంత్రం కూలి డబ్బు చేతబట్టుకొని వచ్చేవాడి దగ్గరనే గదా.

అందుచేత నా అభిప్రాయం ఇది. లాటరీ అన్నది అసలు ఉండాలా అన్నది ధర్మమీమాంస, దానిని ఇక్కడ తేల్చబోను. ఉండాలనుకుంటే సర్కారే నడపాలి, నిందా తానే మోయాలి. ఆ నింద మోయలేమనిపిస్తే మూసివేయాలి. తమిళనాడు 2003లో అలాగే మూసివేసింది. మధ్యేమార్గంగా తోచే గుత్త మాత్రం వద్దు. లాటరీ కొనే నిరుపేద డిస్ట్రిబ్యూటరును నమ్మి కొనడు, టిక్కెట్టు మీది రాజముద్రను నమ్మి కొంటాడు. ఆ నమ్మకం సర్కారు సొంత ఆస్తి కాదు, అమ్ముకోవడానికి.

సాలార్‌జంగు శిస్తు విషయంలో చేసినది లాటరీకీ మద్యానికీ వర్తించదనే వాదన ఉన్నది. శిస్తు తప్పనిసరి, తక్కినవి ఐచ్ఛికం అంటారు. ఆ ఐచ్ఛికం ఎంతవరకు నిజమో, ఊళ్ళలో చూసినవారు, ముఖ్యంగా మెదక్, సిద్దిపేట వైపు మిత్రులు, వ్రాస్తే వినాలని ఉంది.